వాలు బిళ్ళ తిరగేసిందెవరు?

గ్యాస్ కట్టర్ మంట జీపు ముందు ఇరుసుకు జానెడు దూరంలోకి వచ్చింది. భాగీరథి పరుగున వెళ్లి సిలిండర్ వాల్వును గిర్రున తిప్పేసింది. నీలి మంట టప్పుమని ఆరిపోయింది.

"క్యా హువా, బెన్?" ఏమైందక్కా అన్నట్టు కట్టర్ పట్టుకున్నవాడు నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.

"ఈ జీపును ఒక్క అంగుళం కోసినా నిన్ను జైలుకు పంపిస్తా," అని హిందీలో అరిచి, భాగీరథి అతడికీ ఇరుసుకీ మధ్య నేల మీద చతికిలబడింది.

టైము ఒంటిగంటా ఇరవై. సాయంత్రం నాలుగింటికి, పోలీసు కస్టడీ ముగిసి, మెకానిక్ అంబదాస్‌ని మళ్లీ కోర్టులో నిలబెడతారు. అతడు నిర్దోషి అని చెప్పగలిగే సాక్షి ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఆ సాక్షి ఇప్పుడు సూరత్ ఖటోదరాలోని ఈ తుక్కు గోదాములో, ఎడమ చక్రం నుజ్జయి, పక్కకు ఒరిగి పడి ఉంది. ముప్పై ఏళ్ల నాటి ఫోర్ బై ఫోర్ జీపు.

అంబదాస్ భార్య మంగ రొప్పుతూ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసింది. "మూడు రోజులైంది అక్కా, మా ఆయన లాకప్‌ల ఉండవట్టి. ఈ బండిని గూడ నరికేస్తే ఇంగ మాకేం మిగుల్తది?"

"నరకనియ్య," అంది భాగీరథి. "కూసో. ఎవ్వడొస్తడో చూద్దాం."

వచ్చినవాడు వరప్రసాద్. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ప్రమాదాలు పరిశోధించే మనిషి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. గత రెండేళ్లలో, కార్మికుల తరఫున ప్రమాదాలు ఆరా తీసే భాగీరథి అతడి రిపోర్టులను మూడుసార్లు తప్పని రుజువు చేసింది. ఆ మూడూ అతడికి గుర్తున్నాయి.

"భాగీరథి గారూ, తుక్కు గోదాములో ధర్నానా? బాగుంది," అన్నాడు నవ్వుతూ. "పంచనామా అయిపోయింది. బండి ఇక మా కంపెనీది. కోసి లారీకి ఎక్కించమని ఆర్డరుంది. లేవండి."

"మనిషి సచ్చి మూడు రోజులే అయింది. అప్పుడే ఇరుసు కోసుడేంది? ముందుగాల టాపు కోయొచ్చు, తలుపులు కోయొచ్చు. సీదా స్టీరింగ్ కాడికే ఎందుకు వచ్చిండు నీ మనిషి?"

"కోసేవాడికి ఎక్కడ వీలైతే అక్కడ మొదలెడతాడు. మీ నాన్న మగ్గాలు బిగించినట్టు దీనికి కూడా శాస్త్రం ఉండాలా?"

"మా నాయిన మగ్గం బిగిస్తే ఇరవై ఏండ్లు నడిచేది. నువ్వు రాసిన రిపోర్టు ఇరవై రోజులు నిలవది. మాట్లాడకు."

అతడి మొహం ఎర్రబడింది. గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. దిగింది పీఎస్ఐ నీరజ. సూరత్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. నోట్లో మూడు భాషలు ఒకేసారి నలుగుతాయి.

"భాగీరథి ఆంటీ, సచ్ మే చెప్తున్నా, మీ ఫోన్ వల్ల నాకు సాబ్ దగ్గర తిట్లు పడ్డాయి. ఇరవై మినిట్. ఆ తర్వాత వీళ్ల మాల్ వీళ్లకి ఇచ్చేస్తా. బస్."

"ఇరవై చాలు."

నీరజ గోదాము గోడకు ఆనుకుని చేతి గడియారం చూసుకుంది.

అప్పటిదాకా తెలిసిన సంగతులు ఇంతే. బుధవారం ఉదయం ఆరున్నరకు ఉమాకాంత్ ఒక్కడే జీపు తీశాడు. మగ్గాల కార్మికులకు నాయకుడు. రోగులను ఆసుపత్రికి చేర్చడానికి కార్మికులంతా కలిసి కొనుక్కున్న జీపు అది. ఆరోజు పదకొండు గంటలకు వడోదరలో విచారణ ఉంది. ఎనిమిది నెలల కిందట షెడ్డులో కరెంటు షాక్ కొట్టి చనిపోయిన వినోద్ కేసులో అతడు సాక్ష్యం చెప్పాలి. ఎర్తింగ్ వైరు వినోద్ చచ్చిన తర్వాతే బిగించారని, చావుకు ముందు వైరు లేనే లేదని. ఇంకో ఇద్దరు సాక్షుల్ని హైవే మీది కామ్రేజ్ దగ్గర ఎక్కించుకోవాలి. ఏడూ పదికి, కామ్రేజ్ రాకముందే, వంతెన అతుకు మీద జీపు ఎగిరి పడింది. వెనక వస్తున్న పాల వ్యాను డ్రైవరు చూశాడు. ముందు చక్రాలు రెండూ పిచ్చెత్తినట్టు కుడికీ ఎడమకీ కొట్టుకున్నాయి. జీపు రోడ్డు దాటి స్తంభానికి గుద్దుకుంది. ఉమాకాంత్ అక్కడే చనిపోయాడు.

అంతకు వారం ముందు ఇదే రోగానికి జీపును బాగుచేసింది అంబదాస్. కాబట్టి తప్పు అంబదాస్‌ది. వరప్రసాద్ రిపోర్టు అలాగే చెప్పింది.

"మీ రిపోర్టు ఏమంటది?" భాగీరథి కుడి చక్రాన్ని జాకీ మీదికి లేపుతూ అడిగింది.

"టై రాడ్ ఎండ్ లూజు. స్టీరింగ్ కడ్డీ చివర ఉండే గుండు కీలు అరిగిపోయింది, మార్చకుండానే మార్చానన్నాడు."

భాగీరథి చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని బలంగా ఊపింది. మంగను పిలిచి కీలు మీద వేలు పెట్టమంది. మళ్లీ ఊపింది.

"కదిలిందా?"

"ఎంట్రుకంత గూడ లేదు."

పైనా కిందా పట్టుకుని ఊపింది. చక్రం తిరిగే కింగ్ పిన్నుల్లో కూడా వదులు లేదు. బేరింగు గట్టిగా ఉంది. "లూజు యాడుంది సార్?"

"గుద్దుకున్న దెబ్బకి బిగుసుకుపోయి ఉంటుంది."

"అరిగిన కీలు గుద్దుకుంటే కొత్తదైతదా? గట్లయితే సూరత్‌ల పాత బండ్లన్నీ తెచ్చి గోడకు కొట్టుకుందాం. మెకానిక్‌లెందుకు?"

కట్టర్ వాడికి తెలుగు రాకపోయినా నవ్వాడు. వరప్రసాద్ నవ్వలేదు. ఫోను తీసి ఒక ఫొటో ఆమె మొహం ముందు పెట్టాడు.

"ఇది చూడండి. స్టీరింగ్ డ్యాంపర్. వణుకును అణిచిపెట్టే నూనె గొట్టం. కొత్తది వేశానని బిల్లులో రాశాడు మీ అంబదాస్. నేను ఫొటో తీసేసరికే ఆ చోటు ఖాళీ. దొంగ బిల్లు!"

"అబద్ధం!" మంగ అరిచింది. "దుకాణంకెల్లి నేనే మోసుకొచ్చిన దాన్ని. నా ముంగటనే బిగించిండు."

భాగీరథి ఫొటోను చూసింది. ఖాళీ బ్రాకెట్టు చూసింది. కింద మూలన ఉన్న టైము చూసింది. 7:48. రెండోసారి చూసి, ఫోను తిరిగి ఇచ్చేసింది.

తర్వాత వెల్లకిలా పడుకుని జీపు కిందికి జరిగింది. టార్చి వెలుగు ఇరుసు కిందున్న స్ప్రింగు పట్టీల కమాన్ కట్ట మీద ఆగింది. ఇరుసుకీ కట్టకీ మధ్య అరచెయ్యంత ఉక్కు బిళ్ళ. ఒక అంచు మందం, ఒక అంచు పలచన. ఇరుసును సరైన వాలులో నిలబెట్టేది అదే. ఇరుసునీ, బిళ్ళనీ, కట్టనీ కలిపి యూ బోల్టులు పట్టుకున్నాయి.

"మంగా! వాలు బిళ్ళ మందపు అంచు ఎటు పెట్టిండు మీ ఆయన?"

"ముంగటికి. నేనే అందిచ్చిన. ముంగటికే పెట్టిండు."

"ఇప్పుడు ఎనకకు ఉన్నది."

మంగ నోరు తెరిచింది. నీరజ గోడ వదిలి దగ్గరికొచ్చింది. "మత్‌లబ్ ఏంటి?"

భాగీరథి బయటికి రాకుండానే చెప్పింది. "మగ్గాల షెడ్డుల నూలు బీములు మోసే ట్రాలీ చూసినవ్ గదా? మెల్లగ తోస్తే మంచిగనే పోతది. ఉరికిస్తే ముందు చక్రాలు టపటప కొట్టుకుంటయ్. జీపు గట్ల కొట్టుకోకుంట ఆపేది ఇరుసు వాలే. బిళ్ళ తిరగేసినవనుకో, వాలు పోతది. నలభైల తెల్వది. అరవై మీద ఒక్క గుంత తగిలితే స్టీరింగ్ చేతుల నుంచి ఊడి పోతది. ఎడమ పక్క గూడ చూడు నీరజా, వంగి పడున్నా కనవడ్తది. రెండు బిళ్ళలూ తిరగేసి ఉన్నయ్."

"అంబదాసే అలా పెట్టాడు," అన్నాడు వరప్రసాద్. "చేతకాని మెకానిక్. నేను మొదటి నుంచీ అదే చెబుతున్నా."

"మొదటి నుంచి నువ్వు చెప్పింది టై రాడ్. ఇప్పుడు బిళ్ళ అంటున్నవ్." భాగీరథి చెయ్యి చాపింది. "మంగా, మీ షాపుల నట్టు బిగించినంక ఏం జేస్తరు?"

"గోర్ల రంగు పూస్త. నట్టు మీదికెల్లి బోల్టు దాంక ఒక్క గీత. మా ఆయన బిగిస్తడు, నేను గీస్త. కదిలితే గీత తెగుతది, తెల్వాలని."

"ఏం రంగు?"

"మెరూన్."

"నీరజా, వచ్చి చూడు."

పీఎస్ఐ టోపీ తీసి పక్కన పెట్టి జీపు కిందికి దూరింది. టై రాడ్ నట్టు మీద మెరూన్ గీత తిన్నగా ఉంది. కింగ్ పిన్ బోల్టుల మీద తిన్నగా ఉంది. యూ బోల్టుల దగ్గర మాత్రం బోల్టు మీది సగం గీత ఒక పక్క, నట్టు మీది సగం గీత ఇంకో పక్క.

నీరజ బయటికొచ్చి దుమ్ము దులుపుకోకుండానే అంది. "అంబదాస్ బిగించాక ఎవరో ఖోలా. విప్పి మళ్లీ బిగించారు."

"ఆడవాళ్ల నెయిల్ పాలిష్ సాక్ష్యమా?" వరప్రసాద్ గొంతు పెరిగింది. "కోర్టులో నవ్వుతారు!"

"నవ్వనీ. ఇది చూసినంక నవ్వు ఆగుతది." భాగీరథి స్పానరుతో ఒక నట్టును విప్పింది. బోల్టు మరల మధ్య నుంచి సన్నటి బంగారు రంగు దారం సాగి వచ్చింది. జరీ పోగు. మూడు చుట్లు. దాన్ని చూపుడువేలికి చుట్టుకుని లేచి నిలబడింది.

"మెకానిక్ ఎవ్వడూ నట్టు కింద దారం చుట్టడు. స్ప్రింగ్ వాషర్ వేస్తడు. దారం చుట్టేది మగ్గాల ఫిట్టరు. రాత్రింబగళ్లు దడదడలాడే మగ్గంల నట్టు ఊడకుంట మూడు చుట్లు చుట్టి బిగిస్తడు. మా నాయిన మా ఇంట్ల సైకిల్‌కు గూడ గట్లనే చుట్టేటోడు. చెయ్యికి అలవాటు, బుద్ధితోని పనిలేదు. ప్రమాదానికి ముందు రోజు, మంగళవారం, ఈ జీపు యాడ నిలవడ్డది?"

"పక్క గల్లీల షెడ్డు కాంపౌండ్‌ల," అంది మంగ. "ఉమాకాంత్ అన్న రోజూ ఆడనే పెడ్తడు. ఆ షెడ్డుల నేసేది జరీ అంచు చీరలే."

నీరజ కానిస్టేబుల్ వైపు తిరిగింది. "ఆ షెడ్డు ఫిట్టర్‌ని లే ఆవో. అభీ."

రెండూ ఐదుకు ఓంప్రకాష్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. జేబులో పానా, చెవి సందున బీడీ. ఉమాకాంత్‌దీ అతడిదీ ఒకే ఊరు. ఉమాకాంత్ పాడె మోసిన నలుగురిలో ఒకడు.

భాగీరథి మర్యాదలు పెట్టుకోలేదు. జరీ పోగును అతడి కళ్ల ముందు ఆడించింది.

"మంగళవారం పొద్దంత యాడున్నవ్?"

"షెడ్డుల. మగ్గాలు చూస్తున్న."

"ఎన్ని మగ్గాలు ఆగినయ్ ఆ రోజు?"

"ఏమో... ఒక్కటీ ఆగలే."

"ఒక్క మగ్గం ఆగకుంటే ఫిట్టరుకు షెడ్డుల ఏం పని? ఈ దారం ఎవరిది?"

"ఖటోదరాల దారం యాడ జూసినా ఉంటది అక్కా."

"యూ బోల్టు మరలల్ల ఉంటదా? మూడు చుట్లు చుట్టుకుని అదే ఎక్కి కూసుందా? ఉమాకాంత్ నీకేమైతడు?"

ఓంప్రకాష్ జీపు వైపు చూశాడు.

"ఏమైతడు?" గోదాము రేకులు అదిరేలా అరిచింది.

"దోస్తు," అన్నాడు. "ఇరవై రెండేండ్ల దోస్తు."

"దోస్తు జీపుకు నువ్వేం జేసినవ్?"

ఓంప్రకాష్ తుక్కు డబ్బా మీద కూలబడ్డాడు. "మంచిగ జేద్దామనే చేసిన అక్కా. మా అవ్వ మీద ఒట్టు. ఉమాకాంత్‌కు భుజం నొప్పి. రిపేరు చేసినంక స్టీరింగ్ బరువైందని ఆడే నాతో అన్నడు. బిళ్ళలు తిరగేస్తే తేలికైతదని నాకు జెప్పిండ్రు. రెండు గంటలు పట్టింది. తిప్పి చూసిన. ఒక్క చేతితోని తిరిగింది. ఖుషీ అయిన. పొద్దుగాల ఆడు ఆశ్చర్యపోతడనుకున్న..."

"ఒప్పుకున్నాడు!" వరప్రసాద్ ముందుకు దూకాడు. "విన్నారుగా ఇన్‌స్పెక్టర్? సొంత నోటితో! అరెస్ట్ చేయండి. మెకానిక్ కాకపోతే వీడు. ఎవడైతేనేం, ఇద్దరూ మగ్గాల బస్తీవాళ్లే. ఇక బండితో పనేముంది? కొయ్యమనండి."

"వాలు పోతే స్టీరింగ్ తేలికైతది, అది నిజమే," అంది భాగీరథి, అతడి మాట విననట్టు. "కాని అది మగ్గాల ఫిట్టరుకు తెల్వది. బండ్ల పని తెలిసినోడు చెప్పాలె. ఓంప్రకాష్, ఇంకొక్క మాట. డ్యాంపర్ గూడ నువ్వే ఇప్పినవా?"

"డ్యాంపరంటే?"

"స్టీరింగ్ కడ్డీకి అడ్డంగ ఉండే గొట్టం."

"గదా? నేను ముట్టలే. నూనె కారుతుందని ఆ మనిషే ఇప్పిండు. కొత్తది తెస్తనని తన కారు డిక్కీల ఏసుకున్నడు."

కట్టర్ వాడు ఏదో అర్థమైనట్టు సిలిండరు దగ్గర నుంచి పక్కకు తప్పుకున్నాడు.

"ఏ మనిషి?" నీరజ అడిగింది. "నామ్ బోలో."

ఓంప్రకాష్ తల దించుకున్నాడు. "చెప్తే నన్ను ఉరి తీస్తరు మేడం. బోల్టులు బిగించింది నా చేతులు. నోరు తెరిస్తే హత్యకేసు నీ మీదనే పడ్తదని ఫోన్ చేసి చెప్పిండు. నాకు ఇద్దరు బిడ్డలున్నరు."

"నాకు మూడింటికి మీటింగుంది," అన్నాడు వరప్రసాద్. కారు తాళాలు తీసి గేటు వైపు నడిచాడు.

"ఆగు." భాగీరథి అడ్డంగా నిలబడింది. "నీరజా, ప్రమాదం సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి ఎవరు చెప్పిండ్రు? ఎన్నింటికి?"

"నేనే ఫోన్ చేశా. బండి కాగితాలు దొరికాక. తొమ్మిదీ నలభై."

"తొమ్మిదీ నలభైకి కంపెనీకి తెలిసింది. ఈయన ఫోన్ల మొదటి ఫొటో ఏడూ నలభై ఎనిమిది. అంబులెన్స్ కంటె ముందు. ఏం సార్, పొద్దున్నే కామ్రేజ్ కాడ ఏం పని? పాలకు పోయినవా?"

"అటుగా వెళ్తున్నా. హైవే ఎవడి సొత్తూ కాదు. ఆగి ఫొటో తీశాను, అది నా వృత్తి. అడ్డు లే!"

"డిక్కీ తెరువు."

"వారంట్ చూపించండి, తెరుస్తా."

నీరజ పళ్లు బిగించింది. "ఆంటీ, వీడు చెప్పేది రైట్. టైము ఒక్కటే చాలదు. రోడ్డు మీద వెళ్తున్నానంటే కోర్టు వదిలేస్తుంది. సాక్షి పేరు చెప్పాలి. లేకపోతే నాలుగింటికి అంబదాస్‌నే లోపలికి పంపాలి నేను."

ఆ మాటకు మంగ కదిలింది. నేరుగా వెళ్లి ఓంప్రకాష్ ముందు నిలబడింది. ఆమె ఏడవడం లేదు. మూడు రోజుల ఏడుపు మొత్తం కోపంగా గడ్డకట్టింది.

"అన్నా అని పిలిచిన నిన్ను. బతుకమ్మకు మా ఇంట్ల తిన్నవ్. నా మొగడు చెయ్యని పాపానికి లాకప్‌ల తన్నులు తింటుంటే, నువ్వు బీడీ చెవుల వెట్టుకుని మగ్గాలు తిప్పుకుంటున్నవా? నీ బిడ్డలు బిడ్డలు, నా బిడ్డ గాదా? ఉమాకాంత్ అన్న పాడె మోసినవ్ గదా, ఆ భుజానికి సిగ్గులేదా? నిన్ను మోసం చేసి నీ చేతులతోనే నీ దోస్తును సంపించినోడు నీ ముంగట తెల్ల అంగీ ఏసుకుని తిరుగుతుంటే నువ్వు నేల చూస్తున్నవ్. చూడు, నేలనే చూడు. థూ!"

ఓంప్రకాష్ లేచాడు. మెల్లగా లేచాడు. జేబులోంచి పానా తీసి నీరజ చేతిలో పెట్టాడు.

"రాసుకోండి మేడం. ఆ పానాతోనే ఇప్పిన, దాంతోనే బిగించిన. నాకేం శిక్ష పడ్తదో పడనీ. మంగళవారం రెండూ పదికి ఒకాయన షెడ్డుకు వచ్చిండు. జీపు ఇన్సూరెన్స్ చూడనీకి వచ్చిన అన్నడు. బిళ్ళ ఎట్ల తిరగెయ్యాల్నో కాగితం మీద బొమ్మ గీసి చూపిచ్చిండు. ఆ కాగితం మా ఇంటి కప్పు సూర్ల ఉంది."

"ఓంప్రకాష్!" వరప్రసాద్ అరిచాడు. "ఆలోచించి మాట్లాడు!"

"ఆలోచించే మాట్లాడుతున్న." అతడి గొంతు మొదటిసారి పైకి లేచింది. "మా షెడ్డుల వినోద్ సచ్చినప్పుడు గూడ ఆయనే వచ్చిండు. ఎర్తింగ్ సక్కగనే ఉంది, తప్పు పోరనిదేనని రిపోర్టు రాసిండు. సంతకం నేను చూసిన. వడోదరల ఉమాకాంత్ నోరు తెరిస్తే లోపలికి పోయేది షెడ్డు సేఠ్ ఒక్కడే గాదు, తప్పుడు రాత రాసినోడు గూడ. అందుకే తీసిండు ఉమాకాంత్ పాణం."

కానిస్టేబుల్ గేటు మూశాడు. నీరజ చెయ్యి నడుము దగ్గరి బేడీల మీదికి వెళ్లింది. "పేరు," అంది. "జోర్ సే. అందరికీ వినపడాలి."

ఓంప్రకాష్ చెయ్యెత్తి తెల్ల చొక్కా మీదికి వేలు చూపించాడు.

"గీ వరప్రసాద్! నా చేతులు వాడుకుని ఉమాకాంత్‌ను సంపింది గీ వరప్రసాదే!"